అచ్చు గుద్దినట్టు నాన్నమ్మే!

ఇందాక మనవరాలు కొత్త కలంకారీ దుప్పటి మడత విప్పిందో లేదో, నేను పెడనలో పరికిణీ కట్టుకు తిరిగే పిల్లనైపోయాను! స్వాతంత్ర్యం రాకముందు మాట. పక్కింటి మావయ్యగారి అద్దకాల పాకలో, నల్లరంగు కోసం కుండలో బెల్లం నీళ్లు పోసి తుప్పు ఇనుము ఊరబెట్టేవారు. ఆ పుల్లటి వాసన గుర్తుందా మీకు?

మా ఇంటికి ఎవరొచ్చినా నన్ను చూసి "అచ్చు గుద్దినట్టు నాన్నమ్మే" అనేవారు. నాకు ఒళ్లు మండేది. ఆవిడకి ఒక్క పన్ను లేదు, పైగా ఊళ్లో పేరుమోసిన మొండిమనిషి!

ఒకరోజు ఆ పాకలోకి తొంగిచూశాను. మావయ్యగారు చెక్క అచ్చును ఆ ఇనుప నీళ్లలో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ధబీమని గుద్దారు. నల్లటి పువ్వు! పక్కనే ఇంకోటి, అదే పువ్వు! ఓహో, ఆ మాట పుట్టింది ఇక్కడా! ఆయన అటు తిరగగానే అచ్చు లాక్కుని నా తెల్ల పరికిణీ మీద గుద్దేశాను. పువ్వు రాలేదు, తుప్పు మరక పడింది.

"కరక్కాయ నీళ్లలో నానిన గుడ్డ మీదైతేనే నలుపు తేల్తుందే పిచ్చిపిల్లా!" అని మావయ్యగారు ఒకటే నవ్వు.

ఇంటికెళ్తే అమ్మ చీపురు తీసింది. నాన్నమ్మ అడ్డం వచ్చి, ఆ మరక చూసి, బోసినోటితో పకపకా నవ్వింది.

"దాన్నేమీ అనకమ్మాయ్. దాని వయసులో నేనూ తెల్ల పరికిణీ మీదే గుద్దాను. మా అమ్మా చీపురే తీసింది!"

అమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆ రోజు నుంచి ఇంటికెవరొచ్చినా, వాళ్లు నోరు తెరవకముందే నేనే అరిచేదాన్ని: "అచ్చు గుద్దినట్టు నాన్నమ్మే!"