వంక గట్టు మీద పెద్దమ్మ

శ్రావణ శుక్రవారం పూజకు పూలు కడుతూ ఉంటే ఊరి నుంచి ఫోను వచ్చింది. మా ఆయన ఎత్తారు. ఫోను పెట్టేసి, "పెద్దమ్మ పోయిందంట, నిద్రలోనే" అన్నారు. ఆ రోజు దీపం వెలిగించి ఆమెనే తలచుకున్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. కంబదూరు దగ్గర మా పల్లెలో ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి నాకు పెద్దమ్మే. వానలే లేని సీమలో వానకు భయపడేది ఆమె ఒక్కతేనని ఊరంతా నవ్వేది. మట్టి మిద్దె కారకుండా, గోడ నానకుండా ఏటా ఎండాకాలం చివర్లో నీళ్ళు దిగనివ్వని చౌడు మట్టి మోసుకొచ్చి మిద్దె మీద పరిచేది.

"ఏమి పెద్దమ్మా, మోడమే లేదు, మిద్దె ఎవరికోసరం కప్పుతాండావు?" అని దారిన పోయేవాళ్ళు మబ్బులేని ఆకాశం చూపించి ఎగతాళి చేసేవారు.

"వాన నిన్నడిగి వస్తాదా అప్పా? ఆ తట్ట ఇట్లందియ్యి" అని వాళ్ళ చేతే పని చేయించుకునేది.

దూరంగా ఉరుము వినిపిస్తే చాలు, చేన్లో కలుపు తీస్తున్న మమ్మల్ని ఇంటికి తరిమేది. చింతచెట్టు కింద నిలబడనిచ్చేది కాదు. వాన వెలిసి ఎండ కాసినా పిల్లలను తడిగోడ పక్కన కూర్చోనిచ్చేది కాదు.

మా ఊరి వంకలో, ఆ చిన్న వాగులో, ఏడాదంతా ఇసుకే. అందుకే నీళ్ళంటే మాకు భయం తెలీదు, సంబరమే. వంక వచ్చిందంటే ఆడవాళ్ళం పసుపు కుంకుమలతో పరుగెత్తేవాళ్ళం. పెద్దమ్మ గట్టు మీదే ఆపేసేది. "ఈడ నుంచే ఇయ్యండమ్మే. గంగమ్మ చేతులు పొడుగు, అందుకుంటాది" అనేది.

మా పాప చిన్నప్పుడు ఒకసారి జ్వరం ఎక్కువై, మా ఆయన మందు కోసం మోపెడ్ మీద కళ్యాణదుర్గం వెళ్ళారు. మధ్యాహ్నం ఎగువన ఎక్కడో పెద్ద వాన. సాయంత్రానికి వంక వచ్చేసింది. పాపను అత్త ఒళ్ళో పెట్టి గట్టు దగ్గరికి పరుగెత్తాను. అవతల ఆయన మందు సీసా ఎత్తి చూపిస్తున్నారు. వంకకు అడ్డంగా పోయే రోడ్డు మీద పారే ఎర్రనీళ్ళు మోకాలి లోతే అనిపించాయి. ఆయన ప్యాంటు పైకి మడుచుకుంటున్నారు. రమ్మనే మాట నోటి దాకా వచ్చింది.

వెనక నుంచి పెద్దమ్మ వచ్చింది. "రేయ్ నాయనా, దిగొద్దురా! ఆడనే ఉండు!" అని అరిచింది. నీళ్ళ హోరులో వినపడలేదు. చెయ్యెత్తి, కూర్చో కూర్చో అని సైగ చేసింది.

"పాపకు మందు పెద్దమ్మా..." అన్నాను ఏడుస్తూ.

"పాపను నేను చూసుకుంటా. వాడు కొట్టుకపోతే ఎవరమ్మే తెచ్చిచ్చేది?"

ఆయన కాసేపు నీళ్ళ వైపు, కాసేపు ఆమె వైపు చూశారు. చివరికి బడిపిల్లాడిలా ఆ గట్టున కూర్చున్నారు. చీకటి పడేముందు ఆయన లేచి పక్క ఊరికి వెళ్ళిపోయేదాకా ఆమె చెయ్యి దించలేదు. ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండి పాపకు తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. తెల్లారేసరికి జ్వరం దిగింది.

పొద్దున్నే ఇద్దరం వంక దగ్గరికి వెళ్ళాం. నీళ్ళు తగ్గిపోయాయి. నడిమధ్యన రోడ్డు లేదు. అక్కడ మనిషి మునిగేంత గుంత. అవతల మా ఆయన మోపెడ్ పట్టుకుని ఆ గుంతలోకే చూస్తూ నిలబడ్డారు. తల ఎత్తలేదు.

"నేను చెప్పలేదా" అని పెద్దమ్మ అనలేదు. నా వైపు తిరిగి, "పోమ్మే, నీళ్ళు కాగబెట్టు. పిల్లోడు బురదలో పడి వస్తాడు" అంది.

మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. ఆయన మోపెడ్ అక్కడే వదిలి, ఎగువన రాళ్ళున్న చోట వంక దాటుతున్నారు. ఇవతల గట్టు మీద పెద్దమ్మ, ఆయనతో పాటే నడుస్తూ, ఏ రాయి మీద కాలు పెట్టాలో వేలితో చూపిస్తోంది.