ఖాళీగా వదిలిన వరస

నా చిన్నప్పుడు కోడుమూరు దగ్గర మా ఊరి చర్చిలో పేర్ల పుస్తకాన్ని చెదలు తినేశాయి. ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరిని ఏ ఏడు పాతిపెట్టారో అంతా అందులోనే ఉండేది. మాకు భూముల్లేవు, భూమి కాగితాలూ లేవు. మేం ఫలానావాళ్లమని చెప్పే కాగితం అదొక్కటే.

పాస్టరు అయ్యగారు కొత్త పుస్తకం తెచ్చి, ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కో ఇంటి పెద్ద చేత పేర్లు చెప్పించుకున్నారు. మా తాత వంతు వచ్చింది. మా నాన్నతో మొదలుపెట్టి ముగ్గురు కొడుకుల పేర్లు చెప్పి ఆగాడు. మా అత్త పేరు చెప్పలేదు. ఆమె మా నాన్న తర్వాతిది, నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. ఇంట్లో వద్దన్నవాణ్ణి పెళ్లాడి ఆ ఏడే పత్తికొండ వెళ్లిపోయింది.

"ఇంగెవురూ లేరా అప్పా?" అన్నారు అయ్యగారు. ఆమెకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే.

"లేరు."

అవ్వ తల వంచుకుని చాప పుల్లలు పీకుతోంది. అత్త పేరు నా నాలుక మీదికి వచ్చింది. తాత నా వైపు చూశాడు. నోరు మూసుకున్నాను.

తాతకు చదువు రాదు కానీ మోసపోయే మనిషి కాదు. పుస్తకం మీదికి వంగి వేలితో వరసలు లెక్కపెట్టాడు.

"నేను జెప్పింది మూడు పేర్లు. ఈడ నాలుగు వరసలుండాయే? నడాన ఒకటి ఖాళీగా ఉండాది."

"అది చెదలకప్పా. మళ్లా వస్తే వాటికీ ఏదో ఒకటి ఉండల్ల గదా."

అందరూ నవ్వారు. తాత నవ్వలేదు. కొట్టేయమనీ అనలేదు.

ఆ వరస ఎవరికోసమో నాకు అప్పుడే తెలిసింది. ఎవరో ఒకరు పోయి పేరు చెబితే చాలు, నిండుతుంది. తాత పోయాడు, నాన్న పోయాడు, ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అత్త చచ్చిపోయిందని కబురొస్తే, బస్సెక్కితే పోయే దూరానికి మా ఇంటి నుంచి ఒక్కరూ కదల్లేదు.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదవడం రాగానే చర్చికి పోయి ఆ పుస్తకం అడిగాను. నాన్న పేరు కింద ఆ వరస అలాగే ఉంది. చెదలు దాని జోలికి రాలేదు. తిన్నది మేమే. నా వంకర అక్షరాలతో నింపాను. చూసుకోవడానికి ఆమె లేదు.

ఇప్పుడు మనవళ్లు ఏ సర్టిఫికెట్టు కోసమో మా వంశం చెప్పమని అడుగుతుంటారు. ఆ పేరు దగ్గర ఆగి, రాశారో లేదో చూసి గానీ ముందుకు పోను. ఇక్కడ నేను రాసినదాంట్లో ఎవరి పేరూ పెట్టలేదు. ఆమెది మాత్రం రాస్తాను.

మార్తమ్మ.