గేటు దగ్గర రిలీవర్

స్టీల్ ప్లాంటులో నా ఉద్యోగం కంట్రోల్ రూములో. షిఫ్టు అయిపోయినంత మాత్రాన అక్కడ లేవకూడదు. మన తర్వాత డ్యూటీకి వచ్చే మనిషిని రిలీవర్ అంటారు. ఆ మనిషి వచ్చి సీట్లో కూర్చున్నాకే మనం కదలాలి.

మా ఆయనదీ అదే ప్లాంటు. ఆయన పొద్దుటి షిఫ్టు, నా మధ్యాహ్నం షిఫ్టు మొదలవడానికి కాస్త ముందే అయిపోయేది. అందుకని పాపని గాజువాకలో బస్సెక్కించి గేటు దాకా తీసుకొచ్చేదాన్ని. ఆయన బయటికొచ్చి పాపని అందుకుంటే నేను లోపలికి వెళ్లేదాన్ని.

లోపల పొద్దుటి షిఫ్టు ముగించి, నేను రిలీవ్ చేస్తే ఇంటికెళ్దామని చూస్తుండే సీనియర్ రోజూ ఒకటే ప్రశ్న వేసేవాడు. “పాపనెవులు సూత్తన్నారు మేడమ్?” మా ఆయన్ని ఈ మాట ఒక్కరూ అడగలేదు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు మా ఆయన రిలీవర్ రాలేదు. ఆయన లోపలే చిక్కుకుపోయాడు. గేటు ఎదుట టీ కొట్టు నడిపే ఆవిడ, “పాపని నాకాడ వదిలీసి ఎల్లమ్మా, నాను సూత్తాను” అంది. సరేనని పాప సంచీ ఆమెకిచ్చాను. పాప మాత్రం నా చున్నీ వదల్లేదు.

“నాన్న రానేదు కదా. రిలీవర్ రాకుండా నువ్వెలా ఎల్లిపోతావు?” అంది.

టీ కొట్టు బల్ల మీద కూర్చుండిపోయాను. కాసేపటికి సీనియర్ ఫోన్ చేశాడు.

“ఏటి మేడమ్, ఎక్కడున్నారు? నాను ఇంటికెల్లొద్దా?”

“పాపని ఎవరు చూస్తున్నారని రోజూ అడుగుతారుగా,” అన్నాను. “ఇవాళ నేనే చూస్తున్నానండి. నా రిలీవర్ ఇంకా రాలేదు.”