ఖాళీ చెయ్యకూడని గోదాం

మొన్న మా వీధి చివర కొత్తగా కట్టిన ఎరువుల గోదాంకి తనిఖీ చేసే కుర్రాడు ఒకడు జీపులో వచ్చాడు. అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. లోపలికి వెళ్లాడు, నాలుగు గోడలకేసీ చూశాడు, సంతకం గిలికాడు, కొబ్బరి బొండం తాగి వెళ్లిపోయాడు. ఎవరూ అడ్డం పడలేదు, ఎవరూ కళ్లనీళ్లు పెట్టుకోలేదు, ఎవరూ తమ తాతగారి పేరు ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మన ఈడు వాళ్లు నమ్ముతారు గాని ఇప్పటివాళ్లకి చెబితే నవ్వుతారు. ఇదే నర్సీపట్నంలో ఒక్క గోదాం వెనక గోడని లోపలి నుంచి కంటితో చూడడానికి నేను ఒక ఎండాకాలమంతా తిరిగాను.

మన్యంలో తెల్లవాళ్ల మీద లేచిన పితూరీ అణిగిన కొత్త రోజులవి. మిషను బళ్లో చదువుకుని, మిషను వాళ్లు కట్టించే ఇళ్ల దగ్గర మేస్త్రీల వెంట తిరిగి నాలుగు ముక్కలు నేర్చుకున్న నన్ను విశాఖపట్నంలో ఒక అగ్గి బీమా కంపెనీ గోదాముల సర్వేయరుగా వేసుకుంది. షావుకార్ల గోదాములూ నూనె మిల్లులూ చూసి, కప్పు నిలుస్తుందా, గోడ ఆగుతుందా అని రాసి పంపడం నా పని. నేను గట్టిదంటేనే లోపలి సరుక్కి బీమా. ఒక సైకిలు, ఒక టేపు, దారానికి కట్టిన ఇనప గుండు, ఇవీ నా ఆస్తులు. నా ఖాకీ చొక్కా చూసి గొలుగొండలో పోలీసన్నారు, మాకవరపాలెంలో పన్ను వేసేవాడన్నారు, కోటవురట్లలో ఒక పెద్దాయనైతే మిల్లు చూపించడం మానేసి జాతకం చూపించాడు. ఏ గోడ మీద పగులు చూపించి ఇదేమిటండీ అన్నా, మా తాతల నాటిదండీ అని మురిసిపోయేవారే గాని భయపడే మహానుభావుడు ఒక్కడూ తగల్లేదు. పగులు కూడా వంశంలో పెద్దమనిషే అన్నమాట!

ఇంతకీ ఆ గోదాం సంగతి. బజారు వెనక సందులో ఒక షావుకారు గారిది, బెల్లమూ చింతపండూ నింపే పాత గోదాం. మట్టి గోడలు, పైన సున్నం, పెంకుల కప్పు. అన్ని గోదాములకీ ఉన్న ఆచారమే దానికీ ఉంది: సరుకు ఎంత అమ్మినా వెనక గోడని ఆనుకుని పేర్చిన చివరి వరస మాత్రం కదపకూడదు, అది లక్ష్మి కూర్చున్న చోటు, తీస్తే గోదాం ఖాళీ అయినట్టు, ఖాళీ అయితే వ్యాపారం మునిగినట్టు. ఆ వరస షావుకారు గారి తండ్రి పేర్పించినది. కప్పుదాకా బెల్లం దిమ్మలు. ఆ తరవాత ఆ గోడని చూసిన మనిషి లేడు.

లోపలినుంచి కనబడదు గాని బయటికి వెళ్లి దారం గుండు వేలాడదీసి చూశాను. దిమ్మల బరువంతా మీద పడి గోడ సందులోకి ఉబ్బిపోయి ఉంది. సరిగ్గా ఆ ఉబ్బు కింద, ఆ గోడకే చేర్చి వేసిన తాటాకు పాకలో, షావుకారు గారి దగ్గరే బస్తాలు మోసే కూలీ ఒకడు కాపురం ఉన్నాడు. వాడూ, వాడి ముసలితల్లీ, కడుపుతో ఉన్న పెళ్లామూ. వాన పడి గోడ నానిందా, ముగ్గురూ, ఆ కడుపులో బిడ్డతో సహా, నిద్రలోనే సమాధి.

షావుకారు గారితో చెప్పాను. బతిమాలాను. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆయన నా మీద జాలిపడ్డాడు. "మీకు లచ్చిందేవి నేదు కదండీ, మీకు తెలీదండీ" అన్నాడు. నేను క్రైస్తవుణ్ణయినా గోడకి మతం లేదు మహాప్రభో అంటే మజ్జిగ తెప్పించి ఇచ్చాడు. సరే, కూలీనైనా కదుపుదామంటే, అద్దె లేని పాక, ఇది ఒగ్గీసి ఎక్కడికెల్తాం బాబూ అని వాడు. కంపెనీకి రాస్తే, గోడ బాగాలేకపోతే బీమా ఇవ్వం, గోడ వెనక ఎవరున్నారో మనకి అక్కర్లేదని వాళ్లు. ముగ్గురూ మర్యాదస్తులే, ముగ్గురూ కలిసి నా తల ప్రాణం తోకకి తెచ్చారు.

మొదటి వాన పడిన పొద్దున్న నాకు పట్టరాని కోపం వచ్చింది. గొడుగు వేసుకుని తిన్నగా వెళ్లి, ఆ పాకలో, ఆ గోడకే వీపు ఆనించి కూర్చున్నాను. లోపలి దిమ్మలు తీసేదాకా లేవనన్నాను. బీమా కంపెనీ మనిషి తన గోడ కింద పడి చస్తే ఏం ముంచుకొస్తుందో షావుకారు గారికి అప్పటికి తట్టింది. వానలో పరుగెత్తుకొచ్చాడు, వెనకాలే ఆయన తల్లిగారు, చేతికర్రతో. ఆవిడ కొడుకుని కసిరింది: "ముందు గుమ్మం కాడ కొత్త వరస పేర్సి, పసుపూ కుంకం ఎట్టండ్రా. అప్పుడు పాతది తీసీండి. లచ్చిందేవి సోటు మారినట్టుంటాది గాని కాళీ అయినట్టేటి?"

ఎండాకాలమంతా నా ఎముకలు అరిగిపోయాయి కదమ్మా, ఈ మాట ముందే చెప్పకూడదా అన్నాను ఏడుపొక్కటే తక్కువగా. "నన్నెవులు అడిగారు బాబూ?" అంది ఆవిడ.

పాకలో వాళ్లని పక్కింటి వసారాలోకి పంపి పాత వరస తీయించాను. అడుగు దిమ్మలు ఏనాడో కరిగి పాకంలా గోడ అడుగుకి దిగిపోయి, మన్ను మెత్తని ముద్దయింది. కర్రతో చిన్నగా పొడిచానో లేదో, అటువైపుకి దూరిపోయింది. కంతలోంచి తొంగిచూస్తే వాళ్ల పొయ్యి, పొయ్యిమీద ఇంకా పొగలు కక్కుతున్న అంబలి కుండ. షావుకారు గారు అది చూసి అక్కడే చతికిలబడ్డాడు. మర్నాడే గోడ పడగొట్టించి, రాయీ సున్నమూ వేసి కొత్తది కట్టించాడు. కూలీ తన పాకని మళ్లీ దానికే చేర్చి వేసుకున్నాడు. నేను గట్టిదని రాశాను. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆ రోజు ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్లాను.

నెల తిరిగాక అటు వెళితే పాక లేదు. కొత్త గోడకి చెమ్మ తగులుతుందని, ఇక మీదట దాన్ని ఆనుకుని ఎవరూ ఉండడానికి వీల్లేదని షావుకారు గారే ఆ పొద్దున్న తీయించేశాడట. కూలీ, ముసలిదీ మూట కట్టుకుని సందు మొదట్లో నిలబడి ఉన్నారు. పురిటికని పెళ్లాన్ని ముందే పుట్టింటికి పంపేశారు. నన్ను చూసి ముసలిది తిట్టలేదు. "గోడ నిలబెట్టినావు బాబూ, మంచిదే. మావెక్కడ నిలబడాల?" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇప్పటికీ వదల్లేదు, అదే నా చిరాకు. ఆ రోజుల్లో చెడ్డ గోడకైనా ఒక సంసారం చేరబడి బతికేది, మనం పోట్లాడితే మనతో పోట్లాడడానికి అవతల ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఎక్కడ చూసినా సిమెంటు గోడలే, చుట్టూ ముళ్లకంచెలే. ఒక్క గోడా ఎవరి మీదా పడదు. మేము నెత్తీ నోరూ కొట్టుకుని అడిగినది అదే కదా, వచ్చింది. ఆ పాత గోడలకి చేరబడి బతికినవాళ్లంతా ఎటు పోయారో మాత్రం మమ్మల్ని ఏ కంపెనీ చూసి రాయమనలేదు.