పంజరంలో ఆడబిడ్డ

మా అత్తగారికి ఒక్కడే కొడుకు, కూతుళ్లు లేరు. పెళ్లయి నేను కోయిలకుంట్లలో ఆ ఇంటి గడప ముందు నిలబడ్డ రోజున, కొత్త జంటను ఆపి పేర్లు చెప్పించడానికి ఆడబిడ్డ కావాలి కదా, అత్తగారే చిలక పంజరం తెచ్చి గడపకు అడ్డంగా పెట్టింది. "ఇదే నీ ఆడబిడ్డ. దీనికి ఏమన్నా పెట్టి లోపలికి రా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఎవరో అందించిన బెల్లం ముక్కను కమ్మీల సందులోంచి పెట్టబోతే, అది బెల్లం వదిలేసి నా వేలు కొరికింది.

వేళాకోళం అనుకున్నాను. కాపురం మొదలయ్యాక తెలిసింది, ఆమె నిజంగానే అన్నదని. గండికోట లోయలో, బండల సందున్న గూట్లోంచి ఒక గొర్రెల కాపరి తెచ్చిచ్చిన పిల్ల అది. మామగారు చనిపోయిన ఏడాదే ఆ ఇంటికి వచ్చిందట. ఆమె వేరుశనక్కాయలు ఒలిచి, గింజ నమిలి పెదాల మధ్య పెట్టుకుంటే అది వచ్చి అందుకునేది. "దానికి పెట్టినాకనే మనం తినాల పిల్లా" అనేది నాతో. చిలక తిన్నాక తినడమంటే నాకు ఒళ్లు మండేది. కొత్త కోడలిని కాబట్టి నోరు మూసుకున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. రాజధాని వచ్చింది గాని మాకు వాన రాలేదు. బావులు అడుగంటాయి. వాకిట్లో కళ్లాపి చల్లడం మానేశాం. రోజూ పంజరం అడుగు రేకు కడిగే అత్తగారు కూడా కడగడం మాని, ఎండిన రెట్టను చీపురు పుల్లలతో గీకి దులిపేది. వడగాలికి ఆ దుమ్ము ఆమె ముఖం మీదికే లేచేది. ఆ పని ఇంకెవరినీ చేయనిచ్చేది కాదు. ఆ ఎండల్లో చిలక కూడా డీలా పడింది. ఈకలు ఉబ్బించుకుని, కళ్లలో నీళ్లు కారుతూ ఒక మూల ముడుచుకునేది. ఆమె దాన్ని కొంగులో చుట్టి చెంపకు ఆనించుకునేది.

తర్వాత ఆమె మంచం పట్టింది. చలి, తలనొప్పి, కాలిపోయే జ్వరం, పొడి దగ్గు. ఊళ్లో వైద్యుడు టైఫాయిడ్ అని పథ్యం పెట్టించాడు. తగ్గలేదు. ఆమెను చూడటానికి వచ్చిన చెల్లెలు, నాకు చిన్నత్త, నేను వింటుండగానే అంది: "ఈ పిల్ల కాలు పెట్టినప్పట్నుంచి వాన లేదు. ఇప్పుడు మా అక్కకు ఇట్లాయె."

మా ఆయన ఆ మాట విని ఊరుకున్నాడు. చిన్నత్త మాటకన్నా ఆయన ఊరుకోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. అత్తగారికి ఏమన్నా అయితే ఆ నింద బతికినన్నాళ్లూ నా నెత్తిన ఉంటుంది. నన్ను పుట్టింటికి పంపేసినా అదేమని అడిగేవారుండరు.

ఊపిరాడని స్థితిలో ఆమెను బస్సులో పడుకోబెట్టి మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ ఊపిరితిత్తులు పరీక్షించి, నిమోనియాలాగే ఉంది గాని మామూలుది కాదంది. ఏవేవో అడిగి, చివరికి "ఇంట్లో పక్షులేమన్నా పెంచుతారా?" అంది.

"లేవమ్మా. కోళ్లు గూడా లేవు మాకు" అన్నాడు మా ఆయన. చిన్నత్త కూడా లేవన్నట్టు తల ఊపింది.

వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఇప్పటికీ నాకు అదే ఆశ్చర్యం. ఆ ఇంట్లో దాన్ని పక్షుల్లో జమకట్టినవారు లేరు. నాకొక్కదానికే అది పక్షి, నా వేలు కొరికి, నాకంటే ముందు తినే పక్షి. చెబితే కుళ్లుతో చెప్పానంటారు. చిలకను దూరం చేస్తే అత్తగారు తట్టుకోలేదు. చెప్పకపోతే ఆమే దక్కదేమో.

"చిలక ఉండాది డాక్టరమ్మా" అన్నాను. "మా అత్త దానికి నోటితో తినిపిస్తాది. దానికి గూడా బాగలేదు."

"అది చిలక గాదు, మా అక్క కూతురు మాదిరి" అంది చిన్నత్త.

డాక్టరమ్మ నవ్వలేదు. చిలకల నుంచి మనుషులకు సోకే జ్వరం ఒకటుందని, తన అనుమానం అదేనని చెప్పింది. చిలక ఏళ్ల తరబడి బాగానే కనిపిస్తూ లోపల జబ్బు దాచుకోగలదట. తిండికీ నీటికీ కటకట వస్తే అది బయటపడవచ్చట. ఎండిన రెట్ట, ఈకల దుమ్ము గాలిలో లేచి మన ఊపిరితో లోపలికి పోతాయట. దాని ముక్కుకు నోరు ఆనించినా అంటవచ్చట.

"నీళ్లు చల్లి, తడిపినాక ఊడ్చుంటే ఇంత దుమ్ము లేచేది కాదు" అంది.

"తాగనీకే నీళ్లు లేవమ్మా మాకు" అన్నాడు మా ఆయన.

కరువుకు డాక్టరమ్మ దగ్గర మందు లేదు. జ్వరానికి మాత్రం ఉంది, అప్పుడప్పుడే వస్తున్న గొట్టం మాత్రలు. అవి మొదలుపెట్టాక జ్వరం మెల్లగా దిగింది. డాక్టరమ్మ చెప్పినట్టు మా ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకుని ఇంటికి పోయేసరికి చిలక పంజరంలో చచ్చి పడి ఉంది. నీళ్లతో తడిపి, పంజరంతో సహా దాన్ని లోతుగా పూడ్చిపెట్టాడు.

అత్తగారు కోలుకుని ఇంట్లోకి వస్తూనే దూలానికి పంజరం వేలాడదీసే కొక్కెం వైపు చూసింది. కొక్కెం ఖాళీగా ఉంది. జబ్బు చిలక నుంచే వచ్చిందని డాక్టరమ్మ ఆసుపత్రిలోనే చెప్పి ఉంది. ఆమెకు అర్థమైపోయింది.

"డాక్టరమ్మకు ఎవరు చెప్పినారు?" అంది.

"నేనే అత్తా."

కొంగు ముఖానికి కప్పుకుని ఏడ్చింది. కన్న కూతురు పోతే ఎట్లా ఏడుస్తారో అట్లాగే ఏడ్చింది. నేను తలుపు పక్కన నిలబడిపోయాను. చిన్నత్త అదను చూసి, "నేను అప్పుడే చెప్తి గదక్కా, ఈ పిల్ల కాలు..." అని మొదలుపెట్టింది.

అత్తగారు కొంగు తీసింది. "నోరు మూసుకో. దాన్ని బిడ్డా బిడ్డా అని నేనంటే మీరంతా అవునంటిరి. అట్లే నన్ను కాటికి పంపుతాంటిరి. ఈ పిల్ల ఒక్కతే అది చిలక అనింది."

అంతమాత్రాన నన్ను దగ్గరికి తీసుకోలేదు. చాలా రోజులు ముక్తసరిగానే మాట్లాడింది. ఒక సాయంత్రం వేరుశనక్కాయలు ఒలుస్తూ, అలవాటు కొద్దీ ఒక గింజ నమిలి పెదాల మధ్య పెట్టుకుని కొక్కెం వైపు ముఖం ఎత్తింది. నేను చూడనట్టు చేటలోని పొట్టు ఎగరేస్తున్నాను. ఆమె ఆ గింజ మింగేసి, ఒలిచినవన్నీ గుప్పిట్లోకి తీసుకుని నా చేతిలో పోసింది.

"తిను. దానికి పెట్టినాకనే అనే మాట ఇంక లేదు గదా" అంది.

ఆ మాట కోసం ఎన్నాళ్లో ఎదురుచూశాను. తీరా విన్నాక ఏడుపొచ్చింది. ఆమె నా నోటి వైపే చూస్తోందని, ఒక్కొక్కటే నమిలి మింగాను.