దేవేంద్రప్ప ఓడను హులిగెమ్మ తనిఖీ చేసిన వైనం

ఎమ్మిగనూరు చేనేత చరిత్రను ఎవరైనా సమగ్రంగా రాస్తే అందులో దేవేంద్రప్పకు చోటు దొరకదు. నేతగాళ్ల ఇంట పుట్టి కూడా ఆయన ఒక్క చీర నేయలేదు. ఓడల చరిత్రలోనూ దొరకదు. కెప్టెన్ల పేర్లు రాస్తారు, మునిగిన ఓడల పేర్లు రాస్తారు, పడకలు సర్దినవాళ్ల పేర్లు రాయరు. రెండు చరిత్రలూ చెరోవైపు నుంచి చేసిన ఈ అన్యాయాన్ని కాస్తయినా సరిచేయాలని ఈ ప్రయత్నం.

ఎమ్మిగనూరుకూ సముద్రానికీ ఉన్న బంధుత్వం టీవీలో చెప్పే వాయుగుండం వరకే. అది కూడా ఇక్కడికి వచ్చేసరికి నాలుగు చినుకులై పోతుంది. అలాంటి ఊరివాడు ఓడ ఎలా ఎక్కాడంటే, ఆదోని మీదుగా ఎక్కాడు. పత్తి మార్కెట్ యార్డుకు దగ్గర్లో ఒక లాడ్జీలో ఆయన కుర్రతనంలో గదులు సర్దేవాడు. అక్కడ దిగే ఒక బొంబాయి పత్తి వ్యాపారి, మంచం మీద దుప్పటి ఒక్క ముడత లేకుండా మగ్గం మీది బట్టలా బిగిసి ఉండడం చూసి ముచ్చటపడి, దుప్పటినీ లాడ్జీనీ వదిలేసి మనిషిని మాత్రం బొంబాయి తీసుకుపోయాడు. అక్కడ ఒక హోటల్, హోటల్ నుంచి 1998లో ఓడ. పెళ్లయి అప్పటికి ఏడాది. హులిగెమ్మ ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది, దేవేంద్రప్ప మధ్యధరా సముద్రంలో తేలాడు.

ఆ ఓడ పేరు ‘ఈవెనింగ్ పెర్ల్’. ఓడల్లో అది చిన్నది. ఐదువందల యాభై మంది ప్రయాణికులు, ఒకే భోజనశాల, గోడకు ఒక పుస్తకాల బీరువా. దేవేంద్రప్ప కింద పన్నెండు గదులు. తొమ్మిది నెలలు నీళ్ల మీద, రెండు నెలలు ఇంట్లో. ఆ రెండు నెలల్లో ఊరికి ఆయన చెప్పిన కథలకు లెక్కలేదు. ఓడ ఎక్కిన మూడోనాటికి అందరికీ అందరి పేర్లూ తెలిసిపోయేవట. భోజనానికి ఒక బల్ల దగ్గర కూర్చుంటే దిగేదాకా అదే బల్లట, ఒక పూట ఒక ముసలమ్మ రాకపోతే బల్లంతా లేచి వెతకబోయేదట. కెప్టెన్ తన చేత్తో సూప్ వడ్డించేవాడట. ఏటా వచ్చే దంపతులు టికెట్ కొనేముందు ‘దేవ్ ఉన్నాడా’ అని కనుక్కునేవారట. దేవ్ అంటే దేవేంద్రప్పే. అంత పెద్ద పేరు సముద్రపు గాలికి నిలవలేదు.

ఆ ఓడలో పనివాళ్లకు ఒక వెసులుబాటు ఉండేది. భార్యను ఒక వారం తెచ్చుకోవచ్చు. దేవేంద్రప్ప ప్రతి సెలవులోనూ ‘వచ్చే కాంట్రాక్టుకు తప్పకుండా’ అనేవాడు. ఎన్నికల ముందు నాయకులు మన రోడ్డు గురించి చెప్పినంత నిజాయితీగానే చెప్పేవాడు. పదిహేడేళ్లు అలా చెప్పాక కంపెనీ ఓడను తుక్కుకు అమ్మేసింది.

తర్వాత ఆయన ఐదేళ్లు ఒక పెద్ద ఓడలో పనిచేశాడు. పదిహేడు అంతస్తులు, ఐదువేల మంది. ఆ ఐదేళ్ల గురించి మాత్రం ఊళ్లో ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరైనా ఓడ సంగతి అడిగితే పెర్ల్ సంగతే చెప్పేవాడు, అదింకా ఏదో రేవులో తనకోసం ఆగి ఉన్నట్టు.

కరోనాకు ఓడలు ఆగిపోయి ఇంటికొచ్చినవాడు మళ్లీ పోలేదు. ఇప్పుడు ఆదోనిలో మార్కెట్ యార్డు దగ్గరే ఒక లాడ్జీకి మేనేజరు. రోజూ పొద్దున ఎమ్మిగనూరు నుంచి బస్సులో పోయివస్తాడు. అలవాటు చావక ప్రతి మంచం మీదా తువ్వాలును హంసలా మడిచి పెడతాడు. పత్తి అమ్ముకోవడానికి చిప్పగిరి నుంచి వచ్చిన రైతు ఒకాయన ఆ హంసను దేవుడి సంబంధమేమోనని గూట్లో పెట్టి దండం పెట్టుకుని, తన పంచెతో ఒళ్లు తుడుచుకుని వెళ్లాడు.

ఇలా ప్రశాంతంగా సాగుతున్న జీవితానికి పోయిన శ్రావణంలో ముప్పు వచ్చింది. దంపతులిద్దరూ ఉరుకుంద ఈరన్న స్వామిని దర్శించుకుని కిక్కిరిసిన బస్సులో తిరిగి వస్తున్నారు. దేవేంద్రప్ప పక్కనున్న అపరిచితుడికి సూప్ వడ్డించిన కెప్టెన్ కథ మొదలుపెట్టాడు. హులిగెమ్మ కిటికీలోంచి చూపు తిప్పకుండానే అంది.

“ఇర్వైరెండేండ్లు నువ్వు యాడుంటివో నేను ఒక్కసారి సూడాల.”

“ఆ ఓడ లేదు కదమ్మే. తుక్కుకు పోయె.”

“ఇంకో ఓడైనా సూపీ. సెప్తాండేది నిజమో, నన్ను మగ్గంలో కూసోబెట్టి కతలు సెప్తివో, నాకు తెల్సల్ల.”

ఇంట్లో గొడవలు అరుపులతో మొదలైతే సర్దుకోవచ్చు. ఇలా మామూలుగా మొదలైతే కష్టం. ఆదోని ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న కూతురు మమత విషయం విని, అమ్మ పక్షం చేరి, ఫోన్‌లోనే ముంబై నుంచి బయలుదేరే ఓడకు నాలుగు రాత్రుల టికెట్లు తీసేసింది. గోవాదాకా పోయి తిరిగొచ్చే ఓడ. ఫోటోలో దేవేంద్రప్ప వేలుపెట్టి లెక్కబెట్టాడు. పదహారు అంతస్తులున్నాయి. అందులో ఏముంటుందో, ముఖ్యంగా ఏముండదో, ఆయనకు బాగా తెలుసు. అది చూసిందంటే హులిగెమ్మ తన ఇరవై రెండేళ్లనూ ఒక్క మాటలో కొట్టేస్తుంది. అలా కొట్టేస్తే కాదనడానికి ఆయన దగ్గర సాక్ష్యం లేదు, ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ తుక్కువాళ్లు ముక్కలు కోసేశారు.

ఆదోనిలో రైలెక్కి ముంబైలో దిగారు. రేవు దగ్గర జనం ఉరుకుంద తిరునాళ్లంత ఉన్నారు. పెర్ల్ మెట్ల దగ్గర స్వాగతం చెప్పే మనిషి పేరుపెట్టి పిలిచేవాడని దేవేంద్రప్ప దారిపొడుగునా చెప్పాడు. ఇక్కడ ఒక యంత్రం ముఖం చూసి పచ్చదీపం వెలిగించింది. హులిగెమ్మ దానికే నమస్కారం పెట్టింది.

లోపల ఆయన ఆమెను, పాడుబడిన కోట చూపించే గైడులా తిప్పాడు. ఇక్కడ పుస్తకాల బీరువా ఉండేది అన్నచోట నూడుల్స్ అమ్ముతున్నారు. ఇక్కడ సాయంత్రం పియానో వాయించేవారు అన్నచోట పిల్లలు చిన్న కార్లు తోలుతున్నారు. ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పడానికి వెనకటి రోజుల్లో అందరినీ పైకి పిలిచి, నారింజ రంగు జాకెట్లు తొడిగి, వరసగా నిలబెట్టేవారు. సగం స్నేహాలు అక్కడే, ఒకరి జాకెట్ ముడి ఒకరు వేస్తూ మొదలయ్యేవి. ఇప్పుడు ఫోన్‌లో వీడియో చూసి చివర వేలు నొక్కితే చాలట. హులిగెమ్మ వేలు నొక్కింది. ప్రమాదం సంగతి పూర్తయింది.

ఇక భోజనం. పద్దెనిమిది కౌంటర్లు, రెండువేల మంది, ఖాళీ కుర్చీ లేదు. దేవేంద్రప్ప చేతిలో పళ్లెంతో, నాగరికత పతనాన్ని కళ్లారా చూస్తున్నవాడిలా నిలబడిపోయాడు. హులిగెమ్మ అలా నిలబడలేదు. కిటికీ పక్కన ఒక కుటుంబం లేవబోతుండగా మూడడుగుల దూరం నుంచి తన చేతి తువ్వాలు విసిరింది. అది సరిగ్గా కుర్చీ మీద పడింది. ఆదోని బస్టాండులో కదిలే బస్సు కిటికీలోంచి విసిరి సీటు పట్టిన చేయి అది. ఆగి ఉన్న కుర్చీ దానికి ఒక లెక్క కాదు. ఓడ మొత్తం మీద అలా సీటు పట్టే విద్య తెలిసింది ఆమె ఒక్కతే అనుకుంటాను, ఎందుకంటే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, చాలామంది మెచ్చుకోలుగా చూశారు.

నిజం చెప్పాలంటే ఆమెకు పెద్ద ఓడ బాగానే ఉంది. లిఫ్టులు బాగున్నాయి, ఐస్‌క్రీము బాగుంది, నీళ్ల జారుడుబల్ల మీదినుంచి అరుస్తూ పడే జనం మరీ బాగున్నారు. బాగాలేనిది దేవేంద్రప్పకే. ఆయన ప్రతిదానికీ వంక పెడుతూ, తన కాలంలో తనను బాగా విసిగించిన ప్రయాణికుల పోలికలోకి వచ్చేశాడు.

మూడోరోజు సాయంత్రం రెయిలింగు దగ్గర నిలబడి హులిగెమ్మ తీర్పు చెప్పింది.

“సముద్రం బాగుంది. ఓడా బాగుంది. నువ్వు సెప్పిన దాంట్లో మాత్రం ఒక్కటీ ల్యాదు ఈడ.”

దేవేంద్రప్ప రెయిలింగు మీది తడిని రుమాలుతో తుడిచాడు.

అయితే ఈ రెండు రోజులూ ఆయన తనకు తెలియకుండానే ఒక తప్పు చేస్తున్నాడు. పొద్దున ఐదింటికి లేచి, స్నానం చేసి, హులిగెమ్మ ఫలహారానికి పోగానే పడక తనే సర్దేస్తున్నాడు. దుప్పటి మూలలు కవరు మడిచినట్టు మడిచి పరుపు కిందికి తోసి, దిండ్లకు గలేబులు విదిలించి, స్నానాలగది అద్దం తుడిచి, తువ్వాలును ఏనుగుగా చేసి పెడుతున్నాడు. తను పడుకున్న పడకను ఇంకొకరు సర్దుతుంటే చూస్తూ కూర్చునే ధైర్యం ఆయనకు లేదు. హులిగెమ్మ ఇంకా ఫలహారాల కౌంటర్ల తనిఖీలో ఉండే సమయం కాబట్టి ఆమె ఇది చూడలేదు.

నాలుగోనాటి పొద్దున ఇద్దరూ గదిలో ఉండగా ఎవరో తలుపు తట్టారు. ఆ వరస గదులు చూసే మనిషి, గోవావైపు ఆవిడ, నలభై అయిదేళ్లుంటాయి. గుండె మీది బిళ్లలో ఫిలోమినా అని ఉంది. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, హిందీలో, నా వల్ల ఏం పొరపాటు జరిగిందని అడిగింది. వచ్చేసరికి రోజూ గది సర్దేసి ఉంటోంది. ఆమెకు తోచింది ఒకటే: ఈ గదివాళ్లు తనమీద ఫిర్యాదు చేశారు, పైవాళ్లు తన వరసలో వేరే మనిషిని పెట్టి పరీక్షిస్తున్నారు. రెండు రోజులుగా ఆమెకు తిండి సయించలేదు. కాంట్రాక్టు ముగియడానికి ఇంకా నెల ఉంది, వచ్చేది ఇస్తారో ఇవ్వరో ఈ నెలలోనే తేలుతుంది.

దేవేంద్రప్ప గబుక్కున లేచాడు. పదిహేడేళ్లు చిన్న ఓడలోనూ ఐదేళ్లు పెద్ద ఓడలోనూ ఆయన భయపడింది సరిగ్గా దీనికే. ఆదోని ఉర్దూనూ బొంబాయి హిందీనీ కలిపి క్షమాపణ చెప్పుకున్నాడు. ఫిర్యాదేమీ లేదని, అలవాటని, తనూ ఇదే పని చేసినవాడినని చెప్పాడు. ఫిలోమినా నమ్మలేదు. ప్రయాణికులు ఓడల్లో చాలా రకాల అబద్ధాలు చెబుతారు, పడకలు సర్దాననే అబద్ధం ఆమె ఇంతవరకు వినలేదు.

ఇక మాటలతో లాభం లేదని దేవేంద్రప్ప అప్పుడే సర్దిన పడకను ఒక్క లాగులో పీకేశాడు. ఉతికిన దుప్పటి ఇమ్మని చేయి చాపాడు. ఆమె అనుమానంగానే అందించింది. ఆయన ఒక్కసారి విదిలిస్తే దుప్పటి గాలిలో నిండుగా లేచి మంచం నడిమధ్యన దిగింది. ఫిలోమినా కళ్లు మారాయి. మంచానికి అటువైపు వెళ్లి నిలబడింది.

హులిగెమ్మ కుర్చీలో కూర్చుని చూస్తోంది. ఎమ్మిగనూరు వీధుల్లో పొద్దున్నే పడుగు దారాలు చాచి గంజి పెట్టేటప్పుడు ఇద్దరు చెరో కొసా పట్టుకుంటారు. మాటలుండవు. ఒకరు ఎంత లాగారో ఇంకొకరి చేతికి తెలుస్తుంది. ఆ ఇద్దరూ అలాగే చేస్తున్నారు. ఆయన వంగినప్పుడు ఆమె వంగింది, ఆమె మూల మడిచేసరికి ఆయన మూల మడిచి ఉంది. మోకాలితో పరుపును ఎత్తి, అరచేతిని కత్తిలా లోపలికి దూర్చి, నడుము విరిచినట్టు వంగి, లేచి, మళ్లీ వంగి. రెండు నిమిషాలు పట్టలేదు. అయ్యాక ఇద్దరూ ఒక్కసారే చేతులు నడుముల వెనక్కి పెట్టుకున్నారు, అది చూసి ఫిలోమినా నవ్వేసింది.

ఎన్ని గదులని ఆయన అడిగాడు. ఇరవై ఆరు అంది. ఆయన తనవి పన్నెండు అంటే ఆమె, పోయిన జన్మలో చేశారా అంది. ఇంతలో ఆమె ఫోన్ మోగింది, వెళ్లిపోయింది.

హులిగెమ్మ లేచి దుప్పటి అంచు రెండు వేళ్ల మధ్య రుద్ది చూసింది. ఆ తర్వాత అడిగింది.

“ఇట్ల దినానికి పన్నెండా?”

“పన్నెండే. కాకుంటే రెండుసార్లు. పొద్దున ఒగసారి, సాయంత్రం ఒగసారి.”

“నడుము నొయ్యదా?”

“నొస్తాది.”

“మరి ఫోన్‌లో ఒగదినమన్నా సెప్పల్యా?”

“ఫోన్ కార్డులో ఐదు నిమిసాలుంటుండె. నీ నడుమెట్లుందని నేనడిగేకే సాలకపాయ.”

అది నిజమే. మగ్గం గుంటలో కూర్చున్న నడుము గురించి ఆయన ప్రతిసారీ అడిగేవాడు. హులిగెమ్మకు ఇప్పుడు గుర్తొచ్చింది.

“నువ్వు సెప్పిందంతా ఎక్కినోళ్ల సంగతి కదప్పా,” అంది. “వాళ్లేం తినిరి, ఏం ఆడిరి, ఎట్ల నగిరి. నువ్వేం సేస్తివో ఒగనాడూ సెప్పల్యా. నువ్వు యాడుంటివో నాకెట్ల తెల్సల్ల?”

“పడక సర్దేది ఏముంది మే సెప్పేకి?”

“నేను నేసేదీ అంతే. అయినా నువ్వు అడుగుతాంటివి.”

ఓడ గోవా వదిలి ముంబైకి తిరిగింది. ఎండ ఇంకా ఎక్కలేదు. జారుడుబల్ల దగ్గర జనం అప్పుడే చేరుతున్నారు. హులిగెమ్మ ఈసారి అటు పోలేదు. వెనకవైపు, ఎవరూ కూర్చోని చోట రెండు కుర్చీలు చూసి, ఒకదాంట్లో తను కూర్చుని రెండోదాన్ని తనవైపు తిప్పింది.

“మొదట్నుంచి సెప్పు. పొద్దున ఎన్నింటికి లేస్తుంటివి?”

“ఐదింటికి.”

“ఊఁ. లేసినాంక?”

ఊరంతటికీ కథలు చెప్పిన మనిషికి ఎక్కడ మొదలుపెట్టాలో ఒక నిమిషం తెలియలేదు. చివరికి మొదటి గదితో మొదలుపెట్టాడు. అందులో ఒక రిటైర్డు పంతులమ్మ ఉండేది, ఆమెకు దుప్పటి బిగువుగా ఉంటే ఊపిరాడదు, పాదాల దగ్గర వదులుగా ఉంచాలి. రెండో గదిలో దిండ్లు నాలుగు. మూడో గదాయన నిద్రలో దుప్పటిని తాడులా పేనేవాడు. హులిగెమ్మ మధ్యమధ్య నూలు సంగతి, గంజి సంగతి అడిగింది, ఆయనకు తెలిసినవి చెప్పాడు, తెలియనివి తెలియవన్నాడు. మధ్యాహ్నం పద్దెనిమిది కౌంటర్లూ తెరిచి మళ్లీ మూసేశారు. అప్పటికి వాళ్లు ఏడో గదిలో ఉన్నారు.