సదయ్య కట్టిన పడవ

సదయ్య గోదావరిఖనిలో, భూమి లోపలి బొగ్గు బాయిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడమే ఆయన బతుకంతా చేసిన పని. భార్య సారవ్వది గోదారి ఒడ్డు ఊరు. ఆమె తండ్రి జనాన్ని అవతల మంచిర్యాల వైపుకు పడవలో దాటించేవాడు. వంతెన కట్టాక ఆ పడవ మూలకు పడింది, చివరికి పొయ్యిలోకి పోయింది.

కొన్నేళ్లుగా సారవ్వకు మతిమరుపు. మొదట్లో కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. తర్వాత కన్నబిడ్డ సంతోషి పేరే మరిచిపోయింది. పొద్దు వాలితే చాలు, బాపు పడవ తెస్తాడు, రేవుకు పోవాలె అంటూ గడప దిగేది. ఒకసారి బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద దొరికింది. బయట గొళ్లెం పెట్టడానికి మనసొప్పక, పడవ కళ్లముందే ఉంటే రేవుకు పోనంటుందేమోనని, సదయ్య ఇంట్లోనే ఒక చిన్న పడవ చేద్దామనుకున్నాడు.

మూరెడు పొడవు. అడుగున వెన్నుకట్టె పెట్టి, దాని మీద పక్కటెముకల్లా వంపు చెక్కలు నిలబెట్టాడు. అక్కడిదాకా బాగానే కుదిరింది. పైన సన్నటి పలకలు కప్పబోతే, ముక్కు దగ్గర వంచగానే పటుక్కున విరిగాయి. నిలబడే కట్టెతో తప్ప వంగే కట్టెతో ఆయనకు ఎన్నడూ పనిపడలేదు.

మంచం మీద నుంచి సారవ్వ చూస్తోంది.

"ఉడుకు నీళ్లల్ల నానెయ్యకుంటె ఎట్ల వంగుతది?" అంది.

నెలల తర్వాత ఆమె నోట వచ్చిన తెలివైన మాట. సదయ్య వెంటనే గిన్నె పొయ్యి మీద పెట్టాడు. ఆ రోజు నుంచి ఆయన పలకకు జిగురు రాసి ఒక కొస అంటిస్తే, ఆమె ఎదురుగా కూర్చుని రెండో కొస పట్టుకునేది. ఆరేదాకా వదిలేది కాదు. రేవు మాట తగ్గింది.

ఒక మధ్యాహ్నం ఆమె ఆయన ముఖంలోకి తేరిపార చూసింది. తండ్రి పిలిపించిన వడ్రంగి అనుకుంది.

"వడ్ల కాకా," అంది గొంతు తగ్గించి, "నన్ను బాయిల పనిచేసే పిలగానికి ఇస్తరట. మా బాపుకు నువ్వన్న చెప్పు, నేను చేసుకోనని. బాయిలకు దిగినోడు మర్ల పైకొస్తడని ఏం నమ్మకం?"

ఆ భయం ఆమె ఒక్కనాడూ ఆయనకు చెప్పలేదు. ఏ షిఫ్టుకైనా సద్ది కట్టి పంపిందే తప్ప, పైలం, జాగ్రత్త అని కూడా అనేది కాదు. మా ఆమెది గట్టి గుండె అని ఆయన నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు.

"వస్తడు బిడ్డా," అన్నాడు. "ఆ పిలగాడు నాకెరికే. రిటైరైనంక సుత నీ పక్కపొంటే ఉంటడు."

ఆమె మళ్లీ పలక కొస అందుకుంది.

"గట్లయితె సరే," అంది.

వానల్లో జ్వరమొచ్చి, దవాఖానలో కొన్నాళ్లుండి సారవ్వ పోయింది. అప్పటికి పడవకు పైవరస పలక ఒక్కటే మిగిలి ఉంది.

దినాలయ్యాక సంతోషి ఇల్లు సర్దుతూ, పడవను చూపి, దీన్నెక్కడ పెట్టాలని అడిగింది. ఆయన మిగిలిన పలకను ఉడుకు నీళ్లల్లో నానేశాడు. జిగురు రాసి ఒక కొస అంటించాడు. రెండోది అందుకునేలోపు మొదటిది లేచిపోయేది. చూసి చూసి సంతోషి వచ్చి, ఎదురుగా కూర్చుని పట్టుకుంది.

చాలాసేపటికి, "ఇగ వదలాల్నా బాపూ?" అంది.

"జర ఆగు బిడ్డా," అన్నాడు. జిగురు ఎప్పుడో ఆరిపోయింది.